నోరు కట్టుకున్న ప్రేమికుడు

మన ఇళ్లలో ఆడపిల్లలు దిండు కింద పెట్టుకుని చదివే "ట్వైలైట్"ని రక్తపిశాచాల కథే కదా అని తీసిపారేస్తే రచయిత్రికి అన్యాయం చేసినట్టే. స్టెఫనీ మేయర్ 2005లో మొదలుపెట్టి 2008కల్లా నాలుగు సంపుటాలు ముగించారు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఎప్పుడూ ముసురు పట్టి ఉండే ఫోర్క్స్ అనే చిన్న ఊరు, పదిహేడేళ్ల బెల్లా, 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాలో చావబోతూ పిశాచమై, అప్పటినుంచీ పదిహేడేళ్లవాడిగానే ఉండిపోయిన ఎడ్వర్డ్.

వైద్యులం కనుక మాకు అతని పెంపుడు తండ్రి డాక్టర్ కార్లైల్ బాగా నచ్చాడు. రోజూ ఆసుపత్రిలో నెత్తుటి మధ్య పనిచేస్తూ నోరు కట్టుకున్న మనిషి! నిగ్రహమంటే ఏమిటో రచయిత్రికి తెలుసు. ఆకలి ఉండీ ముట్టుకోని ప్రేమ. పిల్లలని పట్టి చదివించేది అదే.

అయితే ఎడ్వర్డ్ నిగ్రహం నోటితోనే సరి. రాత్రిళ్లు బెల్లాకి తెలియకుండా ఆమె గదిలో చేరి, నిద్రపోతుంటే చూస్తూ కూర్చుంటాడు. మూడో సంపుటం "ఎక్లిప్స్"లో, ఆమె తన స్నేహితుడు జేకబ్ దగ్గరికి వెళ్లకుండా ట్రక్కు ఇంజనులో భాగం ఊడదీస్తాడు. అంతా ఆమె క్షేమం కోసమేనట! ఇంకెవరైనా చేస్తే పోలీసులని పిలవాల్సిన పని. తరవాత అతను మెత్తబడతాడు, నిజమే. కథ మాత్రం అతన్ని గట్టిగా నిలదీయదు. మాకు కంటగింపైనది ఇదే.

ఈ మాట పిల్లలతో అనబోతే ఒక చిక్కుంది. "నీ మంచికోసమే" అంటూ వాళ్ల ఫోను తీసి చూసే తల్లిదండ్రులం మనలోనూ ఉన్నాం. ఎడ్వర్డ్ మాట వాళ్లకి కొత్తగా వినిపించదు. పుస్తకం లాక్కోకండి. ఆ ఇంజను ఘట్టం మాత్రం పక్కన కూర్చుని చదివించుకోండి.