నిందించే ఆత్మ, నశింపజేసే ఆత్మ: ‘అసమర్థుని జీవయాత్ర’పై ఒక పరిశీలన

ఒకే మనిషిలో ఇద్దరుండి, ఒకడు కట్టినదాన్ని రెండవవాడు కూల్చివేయడం సాహిత్యానికి కొత్త వస్తువు కాదు. రష్యాలో దొస్తొయెవ్‌స్కీ 1846లో ‘ది డబుల్’ అనే నవలికలో ఒక చిన్న ఉద్యోగి ఎదుట అతని పేరూ, పోలికలూ గల మరొక ఉద్యోగిని నిలబెట్టాడు. స్టీవెన్‌సన్ 1886లో డాక్టర్ జెకిల్ చేత మందు తాగించి, అతనిలోని దుర్మార్గుణ్ణి హైడ్ అనే వేరొక ఆకారంలో బయటికి రప్పించాడు. ఈ రెండు రచనల్లోనూ లోపలి శత్రువుకు ఒక రూపం ఉన్నది, వేలు పెట్టి చూపించవచ్చు. తెలుగులో త్రిపురనేని గోపీచంద్ రచించిన ‘అసమర్థుని జీవయాత్ర’లో ఆ సౌకర్యం లేదు. సీతారామారావుకు శత్రువైన రెండవ సీతారామారావుకు వేరే పేరు లేదు, వేరే ముఖం లేదు. వాడు ఇతని నోటితోనే మాట్లాడతాడు, ఇతని తర్కంతోనే వాదిస్తాడు, తుదకు ఇతని చేతులతోనే ఇతనిని హతమార్చుతాడు. ఇస్లామీయ ఆత్మశాస్త్రం నఫ్సును గురించి చేసిన విచారణకు తెలుగు నవలల్లో ఇంతకంటే దగ్గరగా వచ్చిన రచన మరొకటి లేదనవచ్చు.

గోపీచంద్ 1910లో కృష్ణా జిల్లా అంగలూరులో జన్మించారు. కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి ఆయన తండ్రి. హేతువాదం ఆయనకు ఇంటి విద్య. తరువాత ఎం. ఎన్. రాయ్ భావాల వైపు, ఇంకా తరువాత అరవిందుని తత్త్వం వైపు ఆయన ప్రయాణం సాగింది. 1962లో కన్నుమూశారు, మరుసటి ఏడాది ‘పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా’కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. 1940ల నడుమ వెలువడిన ‘అసమర్థుని జీవయాత్ర’ను తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలగా విమర్శకులు తరచు పేర్కొంటారు.

కథ క్లుప్తంగా ఇది. సీతారామారావు కలిగిన ఇంటి బిడ్డ. వంశప్రతిష్ఠ నిలబెట్టమని తండ్రి అప్పగించిన భారం అతని మెడమీద ఉన్నది. ప్రతిష్ఠ నిలవాలంటే అడిగినవారికి లేదనకూడదు. బంధువులకూ, ఆశ్రితులకూ ఇస్తాడు. ఇవ్వడంలో లెక్క చూడడు. ఆస్తి కరిగిపోతుంది. తనవల్ల బాగుపడినవారిని చూసి ద్వేషం పెంచుకుంటాడు. పనిచేసి బతకవలసిన దినం వచ్చినప్పుడు ఏ పనీ అతనికి సరిపడదు. ప్రతి పనికీ ముందు ఒక సిద్ధాంతం, ప్రతి వైఫల్యానికీ వెనుక ఒక సమర్థన. లోపలి కసి భార్య ఇందిర మీదికి మళ్ళుతుంది. రామయ్య తాత చెప్పే హితవు చెవికెక్కుతుంది గాని చేతికి రాదు. చివరకు శ్మశానంలో అతని మరణం సంభవిస్తుంది. ఆ ఘట్టం తెలుగు నవలలోని అత్యంత భీకర దృశ్యాల్లో ఒకటి.

దివ్యఖుర్‌ఆన్ నఫ్సును మూడు స్థితులలో పేర్కొన్నదని విద్వాంసులు చెబుతారు. చెడుకు పురికొల్పే ఆత్మ అమ్మారా; ఇది యూసుఫ్ సూరాలో కనిపిస్తుంది. తన్ను తాను నిందించుకునే ఆత్మ లవ్వామా. ఖియామా సూరా ఆరంభంలో దానిపై ప్రమాణమే చేయబడింది. ప్రశాంతి పొందిన ఆత్మ ముత్‌మయిన్నా. ఫజ్ర్ సూరా చివర దానికి పిలుపు వస్తుంది. ఇవి మూడు వేర్వేరు ఆత్మలు కావు. ఒకే ఆత్మ మూడు స్థితులు. కనుక ఒక స్థితిలోంచి మరొక దానిలోకి ఎక్కడమూ, జారడమూ రెండూ సాధ్యమే.

ఈ విభజనతో నవలను చదివేవారికి మొదట తోచే అభిప్రాయం, సీతారామారావును కూల్చినది అమ్మారా అని. కాని నవల దానికి సాక్ష్యమివ్వదు. అమ్మారా వశుడైనవాడు తీసుకుంటాడు, ఇతడు ఇచ్చి చెడ్డవాడు. అమ్మారా వశుడు తన తప్పును చూడడు, ఇతడు పొద్దున లేచింది మొదలు తన తప్పులనే తవ్వుకుంటాడు. ఇతనిలో ఆత్మపరిశీలన లోపించలేదు, కావలసినదానికంటే ఎక్కువే ఉన్నది. ఇక్కడే ఈ నవల విశిష్టత. ఇందులో విధ్వంసకుడు లవ్వామా. సన్మార్గానికి మెట్టు కావలసిన ఆత్మనింద మెట్టుగా మిగలక, మనిషిని మింగే గొయ్యి అయింది.

అలా ఎందుకు జరుగుతుంది? నింద పశ్చాత్తాపంగా మారనప్పుడు జరుగుతుంది. తౌబాకు ఉలమా చెప్పిన షరతులు ప్రసిద్ధమైనవి: చేసిన తప్పును విడిచిపెట్టాలి, దానికి మనసారా చింతించాలి, మళ్ళీ చేయనని నిశ్చయించుకోవాలి, సాటి మనిషి హక్కుకు భంగం కలిగి ఉంటే దానిని తీర్చాలి. సీతారామారావులో చింత ఒక్కటే ఉన్నది. విడవడం లేదు, నిశ్చయం లేదు, ఇందిరకు జరిగిన అన్యాయాన్ని సరిదిద్దే ప్రయత్నం లేదు. చింత ఒంటరిగా మిగిలినప్పుడు అది క్రియను కోరుతుంది. మంచి క్రియ దొరక్కపోతే చెడ్డ క్రియనే పట్టుకుంటుంది. ముందు ఇతరులను శిక్షిస్తుంది, తరువాత తన్ను తాను శిక్షించుకుంటుంది. శ్మశానంలో జరిగినది అకస్మాత్తుగా ఎత్తిన ఉన్మాదం కాదు. అనేక సంవత్సరాలుగా లోపల నడిచిన విచారణలో వెలువడిన ఏకపక్షపు తీర్పు. ఆ న్యాయస్థానంలో క్షమించే అధికారం ఎవరికీ లేదు.

దైవకారుణ్యం పట్ల నిరాశ చెందడాన్ని జుమర్ సూరా వారించడంలోని ఔచిత్యం ఈ సందర్భంలో స్పష్టమవుతుంది. భయం, ఆశ అనే రెండు రెక్కలతో విశ్వాసి ఎగరాలని పెద్దలు చెప్పిన ఉపమానం ప్రసిద్ధం. సీతారామారావుకు ఒక రెక్క లేదు.

అతని దానశీలాన్ని కూడా ఈ వెలుగులో పరిశీలించాలి. ఇస్రా సూరా పిసినారితనాన్నీ, హద్దులేని ఈవినీ రెండింటినీ వారించింది. హద్దు మీరి ఇచ్చినవాడు నిందితుడై, నిస్సత్తువతో కూలబడతాడని హెచ్చరించింది. అక్కడ నిందితుడు అనే అర్థంలో వాడిన పదమూ, లవ్వామా అనే పదమూ ఒకే అరబీ ధాతువునుంచి వచ్చినవి. సీతారామారావు జీవితంలో సరిగా ఈ వరుసే కనిపిస్తుంది: లెక్కలేని ఈవి, దరిద్రం, నింద. అతడిచ్చినది అల్లాహ్ కొరకు కాదు, అవతలివాని అవసరం కొరకూ కాదు. తన ఇంటి పేరు కొరకు. అందుకే పుచ్చుకున్నవాడు కృతజ్ఞత చూపకపోయేసరికి ఆ దానం ద్వేషంగా విరిగిపోయింది.

ఇమామ్ గజాలీ జీవితాన్ని దీని పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. 1091లో బగ్దాదు నిజామియ్యా విద్యాలయంలో అధ్యాపకుడై గొప్ప కీర్తి గడించిన గజాలీ, 1095లో తన బోధన వెనుక ఉన్నది దైవప్రీతి కాదనీ, పేరు ప్రతిష్ఠల కోరికేననీ గ్రహించారు. వెళ్ళిపోవాలనీ, ఉండిపోవాలనీ దాదాపు ఆరు నెలలు రెండు మనసుల మధ్య నలిగారు. పాఠం చెప్పబోతే నాలుక కదలలేదు, అన్నం సహించలేదు. తన ఆత్మకథాత్మక గ్రంథంలో ఈ సంగతి దాచకుండా రాసుకున్నారు. సీతారామారావులాగే ఆయనకూ లోపల ఇద్దరున్నారు. ఇద్దరికీ రోగం ఒక్కటే, ప్రతిష్ఠ. కాని గజాలీ తన అశక్తతను దేవుని ఎదుట ఒప్పుకున్నారు. ఒప్పుకుని లేచి నడిచారు. ఆస్తి పంచిపెట్టారు, అయితే తన బతుకుకూ, పిల్లల పోషణకూ సరిపడేంత ఉంచుకున్న మీదటనే. పిల్లలకు మిగిల్చిన ఆ కొద్దిపాటిలో సీతారామారావుకు తెలియని వివేకమంతా ఉన్నది. తరువాతి కాలంలో ‘ఇహ్యా’లో వినాశకారణాలైన గుణాలను వివరిస్తూ ఆయన హోదా వ్యామోహానికీ, ప్రదర్శనబుద్ధికీ కలిపి ఒక ప్రత్యేక భాగమే కేటాయించారు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల పాఠకులకు కృష్ణాతీరపు ఈ కథ పరాయిది కాదు. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాల నీడలో శతాబ్దాలు గడిచిన సీమ ఇది. కవులను ఆదరించిన ఘనతా, ఇంటి పేరుకోసం ఇవ్వడమనే అలవాటూ ఒకే ద్వారబంధం దాటి వచ్చినవి. 1949లో హైదరాబాదు రాష్ట్రంలో జాగీరుల రద్దుతో ఆ వైభవం ముగిసింది గాని, వైభవం నేర్పిన నడత అంత త్వరగా ముగియలేదు. గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడుకు చెందినవారూ, 1926లో గోలకొండ పత్రికను స్థాపించినవారూ, 1952లో వనపర్తినుంచి శాసనసభకు ఎన్నికైనవారూ అయిన సురవరం ప్రతాపరెడ్డి తన సాంఘిక చరిత్రలో రాజుల యుద్ధాలను వదలి జనుల ఆచారాలనూ, వ్యసనాలనూ పట్టించుకోవడానికి కారణం లేకపోలేదు. ఈనాటికీ పెళ్ళికీ, చావుకూ, విందుకూ శక్తికి మించి అప్పుచేయడం, ఆ అప్పు తీర్చలేక ఇల్లు విడిచి దూరదేశాలకు వలసపోవడం పాలమూరు పల్లెలకు తెలియని సంగతులు కావు. నలుగురు ఏమనుకుంటారో అన్న మాట హిందువు ఇంట్లోనూ, ముస్లిం ఇంట్లోనూ ఒక్క తీరుగానే వినిపిస్తుంది. అప్పు ఎంత ఉన్నా తీర్చవచ్చు. తన్ను తాను క్షమించుకోలేని సిగ్గే ప్రాణం మీదికి తెస్తుంది. ఈ నవల హెచ్చరిస్తున్నది ఆ సిగ్గును గురించే.

గద్వాల జిల్లా అలంపురంలో తుంగభద్ర ఒడ్డున షా అలీ పహిల్వాన్ పేర దర్గా ఉన్నది. పహిల్వాన్ అంటే మల్లుడు. ఆ బిరుదు వినగానే బుఖారీ, ముస్లిం గ్రంథాల్లోని ఒక హదీసు జ్ఞప్తికి వస్తుంది. కుస్తీలో ఎదుటివానిని పడగొట్టేవాడు బలవంతుడు కాదనీ, ఆగ్రహవేళ తన్ను తాను అదుపులో ఉంచుకోగలవాడే బలవంతుడనీ ప్రవక్త (స) బోధించారు. ఈ బోధలో ఒక సూక్ష్మం ఉన్నది. అదుపులో ఉంచుకోవడం వేరు, చంపివేయడం వేరు. తాలీములో కుస్తీ నేర్చినవానికి ఈ భేదం తెలుసు: జోడీని పట్టి నిలపాలి గాని మెడ విరవకూడదు. నఫ్సుతో పోరాటానికీ నియమం ఇదే. సీతారామారావు తన నఫ్సును పట్టలేకపోయాడు, పట్టలేక విరిచాడు.

ఈ పఠనంపై రెండు ఆక్షేపణలు రావచ్చు. హేతువాదుల ఇంట పుట్టి పెరిగిన రచయిత నవలకు ఖుర్‌ఆన్ పరిభాషను తగిలించడం న్యాయమా అన్నది మొదటిది. ఈ పరిభాష రచయిత విశ్వాసాన్ని నిర్ణయించడానికి కాదు, పాత్ర స్థితిని గుర్తించడానికి. రచయిత నిజాయితీగా మనిషిని చూసినప్పుడు, ఆ మనిషిని సృష్టించినవాని వాక్కు అతనికి వర్తించడంలో ఆశ్చర్యం లేదు. సీతారామారావు శిథిలమవుతున్న భూస్వామ్య వర్గానికి ప్రతినిధి కదా, అతని రోగాన్ని ఆత్మలో కాక సమాజంలో వెదకవద్దా అన్నది రెండవది. ఇందులో సత్యం ఉన్నది. వంశప్రతిష్ఠ అతడు కల్పించుకున్నది కాదు, అతనికి వారసత్వంగా వచ్చినది. కాని అదే వర్గంలో పుట్టినవారందరూ శ్మశానానికి పోలేదు. సమాజం బరువు మోపుతుంది. ఆ బరువు కింద ఏ కాలు ఎలా వంగుతుందో ఆత్మే చెప్పాలి.

ఆత్మహత్యను ఇస్లాం నిషిద్ధమన్నది గనుక ఈ నవల చదవదగనిదనే వాదం కూడా నిలవదు. గోపీచంద్ ఆ మరణాన్ని అందంగా చూపలేదు, త్యాగంగా పొగడలేదు. చదివినవానికి జుగుప్సా, జాలీ కలిసి కలుగుతాయి. నిషేధం వెనుక ఉన్న కారుణ్యం ఆ జాలిలో పాఠకునికి అనుభవానికి వస్తుంది.

తరువాతి నవలలతో పోల్చితే దీని గాఢత బోధపడుతుంది. రావిశాస్త్రి ‘అల్పజీవి’లో సుబ్బయ్యను భయం నలుపుతుంది, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో దయానిధిని తల్లిపై పడిన అపవాదు వెన్నాడుతుంది, 1969లో వచ్చిన నవీన్ ‘అంపశయ్య’లో ఉస్మానియా విద్యార్థి రవి ఒక్కరోజు చైతన్యస్రవంతిలో కొట్టుకుంటాడు. వీరందరూ గాయపడినవారు. సీతారామారావు ఒక్కడే గాయపరిచే చేయీ, గాయపడే ఒళ్ళూ తానే అయినవాడు.

నవలలో లోపం లేకపోలేదు. రామయ్య తాత బోధిస్తాడు గాని చేయి పట్టుకుని నడిపించడు. అతని మాటలు మేధకు ఆహారమవుతాయి. మేధకు అప్పటికే అజీర్ణంగా ఉన్నది. ఇందిర లోపలి మాట పాఠకునికి తగినంతగా వినిపించదు. నిజానికి సీతారామారావు తీర్చవలసిన మొదటి ఋణం ఆమెదే. ఆమె ఎదుట ఒక్క క్షమాపణ, ఒక్క పూట కూలి, ఒక్క సజ్దా — ఈ మూడింటిలో ఏ ఒక్కటైనా లవ్వామా నోటికి కళ్ళెం వేసి ఉండేది. తన తప్పును తెలుసుకోవడమే దిద్దుబాటు అనుకునే చదువుకున్నవారు ప్రతి కాలంలోనూ ఉంటారు. తెలుసుకోవడం సగం దారి మాత్రమేననీ, అక్కడే కూర్చుండిపోయినవాడు ఇల్లు చేరడనీ సీతారామారావు తన ప్రాణమిచ్చి నిరూపించాడు.