బుధవారం బరువు

జిమ్‌లో చేరిన కుర్రాడికి మొదటి వారంలోనే ఒక పట్టిక చేతికొస్తుంది. సోమవారం ఛాతీ, మంగళవారం వీపు, బుధవారం కాళ్ళు, ఆ తర్వాత భుజాలు, చేతులు. ఒక్కో భాగానికి ఒక్కో రోజు. అలా కాకుండా వారానికి మూడు రోజులే వెళ్ళి, వెళ్ళిన ప్రతిసారీ ఒళ్ళంతటికీ పని చెప్పే పద్ధతి ఒకటుంది. వినడానికి తేలిగ్గానే ఉంటుంది గానీ కట్టడం కష్టం. సోమవారం కాళ్ళతో చేయించిన పని బుధవారానికి ఇంకా ఒంట్లోనే ఉంటుంది. అయినా బుధవారం మళ్ళీ ఆ కాళ్ళకే పని చెప్పాలి. ఎంత చెప్పాలి? నాకు తెలిసినంతలో ఈ ప్రశ్నకు అందరికంటే అందమైన జవాబు కట్టినవాడు బిల్ స్టార్.

స్టార్ అమెరికా దేశస్థుడు. స్వయంగా వెయిట్‌లిఫ్టర్. యార్క్ బార్‌బెల్ సంస్థ నడిపిన ‘స్ట్రెంత్ అండ్ హెల్త్’ పత్రికలో సంపాదకుడిగా పనిచేశాడు. 1970లో బాల్టిమోర్ కోల్ట్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు బలశిక్షకుడయ్యాడు. ఆ సీజన్‌లోనే వాళ్ళు సూపర్ బౌల్ గెలిచారు. బరువులెత్తితే ఆటగాడి ఒళ్ళు బిగుసుకుపోతుందని, పరుగు మందగిస్తుందని చాలామంది కోచ్‌లు నమ్ముతున్న కాలమది. 1976లో ఆయన ‘ది స్ట్రాంగెస్ట్ షల్ సర్వైవ్’ అనే పుస్తకం రాశాడు. అది ఫుట్‌బాల్ ఆటగాళ్ళ కోసం రాసిన పుస్తకం. గదినిండా ఆటగాళ్ళు, కొద్దిపాటి సామాను, ఆటకు పోగా మిగిలే కాస్త సమయం. ఈ ఇరుకులోంచే ఆ మూడు రోజుల వారం పుట్టింది.

ఆయన ఎంచుకున్నవి మూడే మూడు ఎత్తుళ్ళు: పవర్ క్లీన్, బెంచ్ ప్రెస్, స్క్వాట్. ఒకటి లాగేది, ఒకటి నెట్టేది, ఒకటి కూర్చుని లేచేది. పవర్ క్లీన్ అంటే నేల మీది బార్‌ను ఒక్క ఊపున భుజాల మీదికి తెచ్చుకోవడం. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన కరణం మల్లీశ్వరి 130 కిలోలు ఎత్తిన క్లీన్ అండ్ జెర్క్ ఉంది కదా, దాని మొదటి సగానికి ఇది దగ్గరి చుట్టం. బార్‌ను అందుకునేటప్పుడు పూర్తిగా కిందికి కూర్చోరు, అంతే తేడా. మడమ నుంచి మెడ దాకా వెనక వైపున్న ప్రతి కండా ఆ ఒక్క ఊపులో పనిచేస్తుంది. జబ్బలకు వేరే రోజు, పిక్కలకు వేరే రోజు కేటాయించే పని లేకుండా ఈ మూడింటితోనే ఒళ్ళంతా చుట్టివచ్చాడు స్టార్. ఇది మంచి ఎంపికే. కానీ నన్ను కట్టిపడేసింది ఎంపిక కాదు, పంపకం.

ఒక్కో ఎత్తుడూ ఐదు సెట్లు, సెట్‌కు ఐదుసార్లు. ఈ ఐదైదుల లెక్క ఆయన సొంతం కాదు. 1960లోనే బాడీబిల్డర్ రెగ్ పార్క్ దీన్ని పుస్తకంలో పెట్టాడు. స్టార్ చేతిలో మాత్రం ఐదు సెట్లూ ఒకే బరువుతో సాగవు, మెట్లెక్కుతాయి. స్క్వాట్‌లో ఐదుసార్లు గట్టిగా లేవగలిగే బరువు 100 కిలోలనుకుందాం. సోమవారం 50తో మొదలుపెట్టి 62.5, 75, 87.5 మీదుగా 100కు చేరతాం. కిందిమెట్టే వార్మప్, పైమెట్టే పరీక్ష. వార్మప్‌కని వేరే సమయం ఖర్చు కాదు. మొదటి సెట్లలో నడుం, మోకాలు, ఊపిరి ఒక తీరుకు వచ్చేసరికి బార్ కూడా బరువెక్కి ఉంటుంది.

అది సోమవారం, బరువు రోజు. బుధవారం తేలిక రోజు. శుక్రవారం మధ్యస్థం. ఈ పద్ధతి వాడేవాళ్ళలో బాగా నలిగిన లెక్క ప్రకారం బుధవారం పైమెట్టు సోమవారం దానిలో సుమారు 80 శాతం, శుక్రవారం 90 శాతం. పెన్సిల్ పట్టుకుని కూర్చుంటే తప్ప ఇందులోని పనితనం కనబడదు. సోమవారపు ఐదు సెట్ల బరువులూ కలిపి ఐదుతో హెచ్చవేస్తే 1,875 కిలోలు. బుధవారం 40, 50, 60, 70, 80, మొత్తం 1,500. శుక్రవారం, ప్లేట్లకు సరిపడేలా సవరిస్తే, 45, 55, 67.5, 77.5, 90; మొత్తం 1,675. వారానికి 5,050 కిలోలు.

ఇప్పుడు ఆవేశపరుడి వారం చూద్దాం. మూడు రోజులూ సోమవారాలే. మొత్తం 5,625 కిలోలు. స్టార్ తగ్గించింది ఇందులో పదో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. కాళ్ళు మోసే మొత్తం పని దాదాపు అలాగే ఉంది. అదే 80 కిలోలు దాటిన సెట్లు లెక్కపెట్టి చూడండి: ఆవేశపరుడికి ఆరు, స్టార్‌కు మూడు. సోమవారం రెండు, శుక్రవారం ఒకటి, బుధవారం సున్నా. ఒంటిని నిజంగా పిండేసే సెట్లు సగానికి సగం పోయాయి, పని మాత్రం పదో వంతే పోయింది. ఈ లెక్క మొదటిసారి వేసుకున్న రోజు కాగితం వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. ఎక్కడ కోయాలో తెలిసిన చెయ్యి అది.

రోజుల వరసలోనూ అదే చెయ్యి కనిపిస్తుంది. బరువు రోజుకు ముందు శని, ఆదివారాలు రెండూ విశ్రాంతే, కాబట్టి సోమవారం ఒళ్ళు తాజాగా ఉంటుంది. ఆ తర్వాత దొరికేది ఒక్క మంగళవారమే, అందుకే బుధవారం తేలిక. శుక్రవారానికి ఒళ్ళు కొంత తేరుకుంటుంది, ముందు మళ్ళీ రెండు రోజుల సెలవుంది, కాబట్టి మధ్యస్థం. తేలికను శుక్రవారానికి తోస్తే ఈ అమరిక మొత్తం చెడుతుంది.

మరి బుధవారం ఇంట్లో కూర్చుంటే పోదా? నిజానికి కండ పెరుగుదల మటుకే చూస్తే, వారంలో చేసే మొత్తం పని సమానమైనప్పుడు దాన్ని ఎన్ని రోజులుగా పంచినా పెద్ద తేడా రాదని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. అయితే స్క్వాట్‌లో కండ ఎంతో నేర్పూ అంతే. సంగీతం నేర్చుకునేవాళ్ళు వారమంతా ఊరుకుని ఆదివారం ఏడు గంటలు కూర్చోరు. రోజూ కాసేపు సాధకం చేస్తారు. 100 కిలోల కింద నడుం సరిచూసుకునే తీరిక ఉండదు. లేస్తే చాలనిపిస్తుంది. బార్ నడిపాదం మీదుగా దిగుతోందా, మోకాళ్ళు లోపలికి ముడుచుకుంటున్నాయా అన్నది 80 కింద తెలుస్తుంది. క్లీన్‌లో అయితే ఈ సంగతి మరీ స్పష్టం. తేలికైన బార్ చురుగ్గా లేస్తుంది, మోచేతులు చటుక్కున ముందుకు తిరుగుతాయి, ఆ చురుకుదనమే తర్వాతి సోమవారానికి అక్కరకొస్తుంది.

నేను దీన్ని తల బొప్పి కట్టాకే నేర్చుకున్నాను. బుధవారం చెమట సరిగ్గా పట్టడం లేదని సోమవారం బరువే మళ్ళీ వేసుకునేవాణ్ణి. మూడు వారాలు బాగానే సాగింది. నాలుగో సోమవారం మూడోసారి కిందికి కూర్చున్నాక లేవలేక బార్‌ను ర్యాక్ అడ్డకడ్డీల మీద వదిలేశాను. మళ్ళీ స్టార్ చెప్పిన బుధవారానికి వచ్చాక గానీ ఆ బరువు కదలలేదు.

తర్వాతి రచనల్లో స్టార్ ఈ తేలికను ఇంకా నాజూకుగా తీర్చాడు. శాతాలు లెక్కపెట్టే బదులు ఎత్తుడునే మార్చేయమన్నాడు. ఒక రోజు బెంచ్ ప్రెస్, మరో రోజు వాలుబల్ల మీద ఇంక్లైన్ ప్రెస్, ఇంకో రోజు నిలబడి తల మీదికి నెట్టే ఓవర్‌హెడ్ ప్రెస్. బెంచ్ మీద నెట్టినంత బరువు తల మీదికి ఎవరూ నెట్టలేరు. కాబట్టి ఎంత ఆవేశంగా వచ్చినా ఆ రోజు దానంతటదే తేలిక రోజవుతుంది. మనిషి నిగ్రహం మీద ఆధారపడని ఏర్పాటు ఇది. నాలాంటివాళ్ళను చూసే ఆలోచించి ఉంటాడనిపిస్తుంది.

ఈ వారం అందరికీ కాదు. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు జిమ్‌కు వెళ్ళిన ప్రతిసారీ 2.5 కిలోలు పెంచుకుంటూ పోవచ్చు. కొన్ని నెలలు ఒళ్ళు ఒప్పుకుంటుంది. ఆ పెరుగుదల ఆగిన రోజు నుంచి ఈ వారం పనికొస్తుంది. జిమ్‌లో 1.25 కిలోల చిన్న ప్లేట్లు ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. అవి లేకపోతే ఏ మార్పైనా ఐదు కిలోల గంతే, 62.5 లాంటి మెట్లు కుదరవు. ఫుట్‌బాల్ ఆడని నడివయసువాళ్ళకు బెంచ్ ప్రెస్‌కు ఇంత పెద్దపీట అక్కర్లేదని నా అభిప్రాయం. వాళ్ళు బార్‌ను పొట్ట వైపు లాగే రోయింగ్ ఒకటి కలుపుకుంటే భుజాలకు మేలు.

స్టార్ 2015లో పోయాడు. అంతకు చాలాముందే ఆయన వారాన్ని ఇతరులు చేతిలోకి తీసుకుని మలిచారు. వాటిలో మ్యాడ్‌కౌ అన్న మారుపేరుతో ఒకాయన చేసిన మార్పు నాకు ప్రాణం. అందులో బుధవారం స్క్వాట్ సోమవారపు మూడో మెట్టు దగ్గరే ఆగుతుంది. మన లెక్కలో 75. శుక్రవారం మొదటి నాలుగు మెట్లూ సోమవారంలాగే ఎక్కి, ఐదో మెట్టు మీద 2.5 శాతం పెంచి 102.5 వేస్తాం, కానీ ఐదుసార్లు కాదు, మూడుసార్లే. ఆ తర్వాత 75కు దిగి ఎనిమిదిసార్లు చేసి ఇంటికి. రెండు రోజుల విశ్రాంతి. సోమవారం పైమెట్టు మీద ఉండేది అదే 102.5, ఈసారి ఐదుసార్లు. అప్పటికే మూడుసార్లు లేచిన బరువు కాబట్టి బార్ భుజాల మీదికి రాగానే వీపు దాన్ని గుర్తుపడుతుంది.