చెవికీ చేతికీ మధ్య

సెషన్స్ కోర్టులో సాక్షి బోనెక్కి తన యాసలో తాను చెప్పుకుపోతాడు. "నేను చేలోంచి వస్తావుంటే వాళ్ళిద్దరూ కర్రలు పట్టుకుని ఉన్నారండి, కొట్టడం మాత్రం నేను చూళ్ళేదు" అంటాడు. జడ్జి ఆ మాట విని అక్కడికక్కడే ఇంగ్లీషు వాక్యంగా మలిచి పైకి చెబుతారు. మన జిల్లా కోర్టుల్లో చాలా చోట్ల పని నడిచే తీరు ఇదే. ఆ వాక్యాన్ని పట్టుకోవాల్సింది డయాస్ కింద కూర్చున్న స్టెనో. కొన్నేళ్ళకు అప్పీలు హైకోర్టుకు చేరినప్పుడు సాక్షి అక్కడికి రాడు, అతని గొంతూ రాదు. ఆ కాగితం ఒక్కటే వస్తుంది. "కొట్టడం చూళ్ళేదు" అన్న ముక్క అందులో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

ఇంత బరువు మోసే విద్యను మన ఊళ్ళలో టైపు ఇన్‌స్టిట్యూట్ చదువు అని తేలిగ్గా అనేస్తారు. డిగ్రీ అయ్యాక ఏమీ తోచని పిల్లలు వెళ్ళి చేరేదన్నట్టు మాట్లాడతారు. అది అన్యాయమని నా గట్టి నమ్మకం. దీన్ని సరిగ్గా నేర్చినవాళ్ళకు దక్కేది ఒక ఉద్యోగం మాత్రమే కాదు. వినడం అనే పనిలో ఆరితేరడం కూడా దక్కుతుంది.

అమెరికాలో కోర్టు రిపోర్టింగ్ వేరే దారిలో పెరిగింది. అక్కడ సాక్షి నోట, వకీలు నోట వచ్చిన ప్రతి మాటా ప్రశ్న, జవాబు రూపంలో రికార్డుకెక్కాలి. అందుకు వాడే స్టెనోటైప్ యంత్రం మీద 22 మీటలుంటాయి. అక్షరం తర్వాత అక్షరం కొట్టరు, కొన్ని మీటలు ఒకేసారి నొక్కి మొత్తం ధ్వనిని ఒక్క దెబ్బలో దింపుతారు. అక్కడి జాతీయ సంఘం ఇచ్చే ప్రాథమిక వృత్తి ధ్రువపత్రానికే నిమిషానికి 180, 200, 225 పదాల మూడు పరీక్షలు, ఒక్కోదానిలో 95 శాతం కచ్చితత్వం చూపాలి. మన పద్ధతి అది కాదు. ఇదివరకటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 276వ సెక్షన్, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 311వ సెక్షన్, సాక్ష్యాన్ని మామూలుగా కథనంలా రాసుకోమంటాయి. జడ్జి స్వయంగా రాయవచ్చు, బహిరంగ కోర్టులో చెప్పి రాయించవచ్చు. అవసరం అనుకున్న చోట మాత్రం ప్రశ్న, జవాబుగా ఎక్కిస్తారు. కాబట్టి మన స్టెనోకు అమెరికన్ రిపోర్టరంత వేగం అక్కర్లేదు. కానీ అతని చెవిలో రెండు భాషలు పడుతుంటాయి. సాక్షి తెలుగూ వింటాడు, జడ్జి ఇంగ్లీషూ వింటాడు. ఆ రెండింటికీ పొంతన ఎక్కడ తప్పుతోందో ముందుగా పసిగట్టగలిగిన మనిషి అతనే. మంచి స్టెనో ఆ క్షణంలో కలం ఆపి, తల ఎత్తి, "సార్?" అంటాడు. ఆ ఒక్క మాట విలువ ఏ పరీక్షా కొలవదు.

ఇక విద్యలోకి వద్దాం. మన దగ్గర నడిచేది పిట్‌మన్ షార్ట్‌హ్యాండ్ పద్ధతి. ఐజాక్ పిట్‌మన్ 1837లో ఇంగ్లండులో అచ్చువేసిన చిన్న పుస్తకంతో ఇది మొదలైంది. ఆయన తమ్ముడు బెన్ పిట్‌మన్ దీన్ని అమెరికాకు తీసుకెళ్ళాడు. 1865లో లింకన్ హత్య కుట్రదారుల మీద వాషింగ్టన్‌లో జరిగిన విచారణను రికార్డు చేయించింది ఆయనే. ఆ రికార్డును చరిత్రకారులు నేటికీ తిరగేస్తున్నారు.

పిట్‌మన్ లిపిలో స్పెల్లింగు ఉండదు, ధ్వని ఉంటుంది. తెలుగు వ్యాకరణం చదివినవాళ్ళకు దీని గుట్టు చప్పున అందుతుంది. క, చ, ట, ప పరుషాలు. గ, జ, డ, బ సరళాలు. పిట్‌మన్‌లో పరుషానికి సన్న గీత, దాని జంట సరళానికి అదే దిక్కున అదే గీత, కాకపోతే కాస్త ఒత్తి రాసిన లావు గీత. సరళాదేశ సంధిని బట్టీ పట్టిన పిల్లవాడికి ఈ జంటలు కొత్తగా అనిపించవు. ఆ సంబంధాన్ని మొదటి రోజే చూపిస్తే నేర్చుకునేవాడికి సగం బెరుకు పోతుంది. ఇన్‌స్టిట్యూట్లలో దీన్ని చెప్పరెందుకో నాకు అర్థం కాదు.

అచ్చులకు చుక్కలూ చిన్న గీతలూ ఉన్నాయి గానీ వేగం పెరిగేకొద్దీ వాటిని వదిలేస్తారు. మరి మాట ఎలా తెలుస్తుంది? గీత కూర్చున్న చోటును బట్టి తెలుస్తుంది. గీత నోట్‌బుక్ లైనుకు పైన ఉందా, లైను మీద ఉందా, లైనును కోస్తూ పోయిందా అన్నదాన్ని బట్టి లోపలి అచ్చు ఏ తరగతిదో చెప్పవచ్చు. ఒక ఉదాహరణ. కొన్ని గీతలను రెట్టింపు పొడవు చేస్తే చివర 'టర్', 'డర్', 'దర్' లాంటి ధ్వని చేరినట్టు. 'మ' గీతను అలా పొడవు చేసి లైను మీద కూర్చోబెడితే 'మదర్', లైను పైకి ఎత్తితే 'మ్యాటర్'. గీతను సగానికి కుదిస్తే చివర 'ట' గానీ 'డ' గానీ వస్తుంది. చిన్న సున్నా చుడితే 'స', కొసన చిన్న కొక్కెం తగిలిస్తే 'న'. 'లెర్నెడ్ కౌన్సెల్ ఫర్ ది పిటిషనర్' లాంటి రోజువారీ కోర్టు మాటలను కలం ఎత్తకుండా కలిపి రాసేస్తారు.

ఇందులోనే ప్రమాదమూ ఉంది. 'యు ఆర్' అన్నదానికీ 'యు ఆర్ నాట్' అన్నదానికీ మధ్య తేడా ఒక బుల్లి కొక్కెం, గీత పొడవులో సగం. చేయి తొందరపడితే ఒక మనిషి కాదన్న మాట అవునన్న మాటయిపోతుంది. 'ప్రాసిక్యూట్', 'పర్సిక్యూట్' రెండింటిలోనూ హల్లులు ఒక్కటే. అందుకే వాటికి వేర్వేరు రూపాలను నియమంగా పెట్టి నేర్పుతారు. ఈ జంట పదాల జాబితాలను చాలామంది విద్యార్థులు విసుగనుకుని దాటేస్తారు. కోర్టులో కుర్చీ దక్కించుకునేవాళ్ళు మాత్రం వాటిని దాటరు.

సాధన గురించి ఇంకాస్త చెప్పాలి. సాంకేతిక విద్యా శిక్షణ మండలి పరీక్షల్లో ఇంగ్లీషు షార్ట్‌హ్యాండ్ లోయర్ నిమిషానికి 80 పదాలు, హయ్యర్ 120. ఆ పైన హైస్పీడ్ మెట్లున్నాయి. 80 వరకూ శ్రద్ధ ఉన్న ఎవరైనా చేరతారు. 100 దాటాక చాలామంది నెలల తరబడి అక్కడే ఆగిపోతారు. చేయి నెమ్మది కావడం వల్ల కాదు, ఇంకా బొమ్మ గీస్తున్నట్టు రాయడం వల్ల. విన్న మాటకు రూపం ఏమిటని మనసు వెతుకుతూ ఉంటుంది. 120 అంటే సెకనుకు రెండు పదాలు. వెతికే తీరిక ఉండదు. ఇక్కడ పనిచేసే పద్ధతి ఒకటుంది: తన వేగం కన్నా పది, ఇరవై పదాలు ఎక్కువగా డిక్టేషన్ తీసుకుని, ఊడిపోయినవి ఊడిపోనిచ్చి, మళ్ళీ పాత వేగానికి రావడం. అప్పుడు పాత వేగం నిదానంగా తోస్తుంది.

దానికన్నా లోతైన నేర్పు వెనకబడి రాయడం. అనుభవం ఉన్న స్టెనో చెప్పేవారితో సమానంగా పరుగెత్తడు. నాలుగైదు మాటలు వెనకే ఉంటాడు. కలం ఒక మాట రాస్తుంటే చెవి తర్వాతి మాటలను పోగు చేస్తుంటుంది. కొత్తవాడు ఈ ఎడానికి భయపడతాడు, ఎక్కడ జారిపోతుందోనని ప్రతి మాటనూ నోట్లోంచి లాక్కుంటాడు. పాతవాడికి ఆ ఎడమే ఆసరా. వాక్యం ఎటు తిరుగుతోందో తెలిశాక రాస్తాడు కనుక తప్పు చేయడు. న్యూయార్క్‌లో నేథన్ బెహ్రిన్ 1922లో పిట్‌మన్ లిపితో ఐదు నిమిషాల పాటు నిమిషానికి 300 పదాలు పట్టాడు. వేళ్ళ వేగం ఒక్కదానితో అది సాధ్యం కాదు.

రాసింది మళ్ళీ చదవగలగాలి. అసలు ఉద్యోగం నిలిచేది ఇక్కడే. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ స్టెనోగ్రాఫర్ పరీక్షలో గ్రేడ్ సికి నిమిషానికి 100 పదాల చొప్పున, గ్రేడ్ డికి 80 చొప్పున పది నిమిషాల డిక్టేషన్ ఇస్తారు. ఆ తర్వాత కంప్యూటర్ మీద దాన్ని పూర్తి పాఠంగా ఎక్కించాలి. చాలామంది ఓడేది డిక్టేషన్‌లో కాదు, ఆ రెండో ఘట్టంలో. గీతలన్నీ కాగితం మీదే ఉంటాయి, వాటిని విప్పే భాష ఉండదు. ఇంగ్లీషు వాక్యం రానివాడికి పిట్‌మన్ ఎంత వచ్చినా చేతిలో గీతలే మిగులుతాయి. అందుకే ఆ రోజు నోట్సు ఆ రోజే కాక, వారం కిందటి నోట్సు తీసి గట్టిగా చదివే అలవాటు ఉండాలి. రోజుకొక తీర్పు పైకి చదివితే చట్టం మాటలూ, న్యాయమూర్తుల వాక్య ధోరణీ చెవికి అలవడతాయి.

జిల్లా న్యాయశాఖలో గ్రేడ్ 3 స్టెనోగ్రాఫర్‌కు డిగ్రీ, ఇంగ్లీషు టైపు హయ్యర్, షార్ట్‌హ్యాండ్ హయ్యర్, కంప్యూటర్ పరిజ్ఞానం అడుగుతారు. అక్కణ్ణుంచి పై గ్రేడులున్నాయి. హైకోర్టులో కోర్ట్ మాస్టర్లూ, న్యాయమూర్తుల పర్సనల్ సెక్రటరీలూ ఉంటారు. ఆ స్థాయికి హైస్పీడ్ కావాలి. శాసనసభ, పార్లమెంటు రిపోర్టర్లది ఇదే కుటుంబం. సభలో వంతులవారీగా కూర్చుని చర్చను పొల్లుపోకుండా పడతారు. కోర్టు బయట అంతర్జాతీయ ఆర్బిట్రేషన్లు పెరుగుతున్నాయి. హైదరాబాద్‌లోనే 2021 డిసెంబరులో అలాంటి కేంద్రం ప్రారంభమైంది. ఈ తరహా విచారణల్లో మాట మాటా దింపిన ప్రతి అదే రోజు చేతికి రావాలని అడుగుతారు. వినికిడి లోపం ఉన్నవాళ్ళ కోసం తెర మీద అప్పటికప్పుడు మాటలు చూపించే క్యాప్షనింగ్ పనిని కూడా విదేశాల్లో స్టెనోటైప్ నేర్చినవాళ్ళు చేస్తుంటారు.

యంత్రం వస్తోంది కదా అని అడుగుతారు. నిజమే. సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో రాజ్యాంగ ధర్మాసనం విచారణను కృత్రిమ మేధతో అక్షరబద్ధం చేయడం మొదలుపెట్టింది. ఇది ఇంకా విస్తరిస్తుంది, విస్తరించాలి కూడా. వేల పేజీల వాదనలు అందరికీ దొరకడం మంచిదే. కానీ జిల్లా కోర్టులో ఫ్యాను చప్పుడు మధ్య, ఇద్దరు వకీళ్ళు ఒకేసారి లేచి మాట్లాడుతుంటే, పలాస యాసలోనో ఆదిలాబాదు యాసలోనో సాక్షి గొణిగిన మాటకు బాధ్యత వహించే మనిషి కావాలి. యంత్రం ఇచ్చిన ప్రతిని దిద్దడానికీ ఆ చెవే అవసరం. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 313వ సెక్షన్, పూర్తయిన సాక్ష్యాన్ని నిందితుడో అతని వకీలో ఉండగా సాక్షికి చదివి వినిపించి, అవసరమైతే దిద్దాలంటుంది. సాక్షికి అర్థం కాని భాషలో రాసి ఉంటే అర్థమయ్యే భాషలో చెప్పాలి. ఆ ఘట్టాన్ని తంతుగా కాక పనిగా జరిపించగలిగేది రెండు భాషలూ చెవిలో నింపుకున్న స్టెనో.

కాబట్టి ఇన్‌స్టిట్యూట్లు మార్చుకోవాల్సింది పాఠం. పాత పరీక్షల ప్రసంగాలనే మళ్ళీ మళ్ళీ డిక్టేట్ చేయడం మాని, వారానికి రెండు రోజులు తీర్పుల నుంచి, సాక్ష్యాల నుంచి చెప్పించాలి. ఒక రోజు తెలుగులో సాక్ష్యం వినిపించి దాని ఇంగ్లీషు డిక్టేషన్ ఇచ్చి, రెండింటికీ తేడా ఎక్కడ వచ్చిందో విద్యార్థి చేతే చెప్పించాలి. దీనికి కొత్త యంత్రాలు అక్కర్లేదు, కొత్త అనుమతులూ అక్కర్లేదు. రిటైరైన కోర్టు స్టెనోలు ప్రతి జిల్లా కేంద్రంలోనూ ఉన్నారు. వారానికి ఒక పూట వచ్చి చెప్పమని వాళ్ళను పిలవాలి.