టైటిల్ అంటే కథకు పెట్టే పేరేనా?

ఇంగ్లీషు నేర్పే చిన్న ప్యాసేజీలు మనందరికీ తెలిసినవే. పది పన్నెండు వాక్యాలుంటాయి, కింద ఐదు ప్రశ్నలుంటాయి. పాఠ్యపుస్తకంలో, గైడులో, పోటీ పరీక్షల పుస్తకంలో, బస్టాండు దుకాణంలో వేలాడే ‘ముప్పై రోజుల్లో ఇంగ్లీషు’ రకం పుస్తకాల్లో, ఇప్పుడు సెల్‌ఫోన్ యాపుల్లో ఎక్కడ చూసినా అవే. విషయం కూడా ఇంచుమించు ఒకటే. రవి సూపర్‌మార్కెట్‌కు వెళ్లాడు. ప్రియ ఆన్‌లైన్‌లో చెప్పులు కొంది. మేనేజరు మీటింగు పెట్టాడు. ఒక కుటుంబం హోటల్లో గది బుక్ చేసుకుంది. దీనికే నేటి జీవితం అని పేరు, వ్యాపార ఇంగ్లీషు అని పేరు.

మేము పాడేరు, అరకు వైపు బడుల్లో పాఠాలు చెప్పే ఆదివాసీ ఉపాధ్యాయులం. కథనూ కవితనూ విమర్శించేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఈ ప్యాసేజీలను మాత్రం ఎవరూ విమర్శకు తీసుకోరు. మన పిల్లలు కథల పుస్తకాలకంటే వీటినే ఎక్కువ చదువుతారు. వీటి మీద మార్కులు, ఆ మార్కుల మీద సీట్లు ఆధారపడి ఉన్నాయి. అందుకని ఒక కథను చదివినట్టే వీటినీ చదివి చూద్దాం. ఇందులో ఎవరున్నారు? ఎవరు లేరు? ‘నేను’ అని మాట్లాడుతున్నది ఎవరు?

ముందుగా ఈ పద్ధతిలో ఉన్న మంచిని ఒప్పుకోవాలి. చిన్న ప్యాసేజీ ఊరికే పుట్టింది కాదు. 1920ల్లో ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్ అనే ఇంగ్లీషు ఉపాధ్యాయుడు బెంగాలీ పిల్లల కష్టాన్ని దగ్గరగా చూశాడు. పుస్తకంలో అడుగడుక్కీ కొత్త మాటే వస్తుంటే పిల్లవాడు చదవడం మానేస్తాడని గ్రహించాడు. ఒక కొత్త మాట వచ్చాక తెలిసిన మాటలు చాలా రావాలి, ఆ కొత్త మాట మళ్లీ మళ్లీ కనపడాలి అనే లెక్కతో వాచకాలు తయారు చేశాడు. 1953లో ఆయన అచ్చు వేయించిన ముఖ్య పదాల జాబితాలో ఉన్నవి సుమారు 2000 మాటలు. అంతకుముందే, 1930లో, ఆగ్డెన్ అనే పండితుడు 850 మాటలతోనే ఇంగ్లీషు నడపవచ్చని ఒక పద్ధతి ప్రకటించాడు. తక్కువ మాటలు, చిన్న వాక్యాలు, రోజూ కనపడే విషయాలు అనే ఈ ఆలోచన మొదటి తరం చదువరులకు మేలు చేసేదే. ఇంట్లో ఇంగ్లీషు వినపడని పిల్లకు ఇరవై పేజీల పాఠం కొండ ఎక్కడమే. పది వాక్యాలైతే ఎక్కగలిగే గట్టు.

మన దక్షిణాదిలోనే ఇంకో ప్రయత్నం జరిగింది. ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 వరకు కొన్ని బడుల్లో నడిపిన బెంగళూరు ప్రాజెక్టులో పిల్లల చేతికి రైళ్ల టైంటేబులు, మ్యాపు వంటివి ఇచ్చి వాటితో లెక్క తేల్చమన్నారు. ఏ రైలు ఎక్కాలి, ఎప్పుడు చేరతాం అని ఆలోచిస్తూ ఉంటే భాష దానంతట అదే పట్టుబడుతుందని ఆయన నమ్మకం. అంటే చదివింది పనికి రావాలి, బుర్రకు పని పెట్టాలి.

మన చేతికొచ్చే ప్యాసేజీలు ఈ రెండో మాటను మరిచిపోయాయి. ‘రవి ఏం కొన్నాడు?’ అని ప్రశ్న. ‘కొన్నాడు’ అనే మాట ప్యాసేజీలో ఎక్కడుందో వేలు పెట్టి వెతికి, ఆ వాక్యాన్ని ఎత్తి జవాబులో రాస్తే మార్కు వస్తుంది. సూపర్‌మార్కెట్ అంటే ఏమిటో, ట్రాలీ అంటే ఏమిటో తెలియకపోయినా మార్కు వస్తుంది. ఐదుకు ఐదు తెచ్చుకున్న పిల్లను అదే వాక్యాన్ని తన ఇంటి భాషలో చెప్పమంటే నోరు మెదపదు. తప్పు పిల్లది కాదు. ఆ ప్రశ్న అర్థాన్ని అడగలేదు.

ఇది చాలామంది చెప్పిన లోపమే. మేము చెప్పదలచినది దీని వెనకున్న మరో సంగతి.

ఈ ప్యాసేజీల్లో ‘నేను’ ఎప్పుడూ కొనేవాడే. లేకపోతే కంపెనీ కుర్చీలో కూర్చున్నవాడు. వాటిలోని క్రియల్ని ఒక కాగితం మీద రాసి చూడండి. కొనడం, ఆర్డరు పెట్టడం, బుక్ చేయడం, బిల్లు కట్టడం, వస్తువు బాగాలేదని వెనక్కి పంపడం. ఇప్పుడు మన సంతలో జరిగే పనుల్ని పక్కన రాయండి. ఏరడం, ఎండబెట్టడం, మోయడం, తూకానికి పెట్టడం, ధర అడగడం, బాకీలో కోత పెట్టించుకోవడం, వేలిముద్ర వేయడం. మొదటి వరసకూ రెండో వరసకూ మధ్య కాటా ఉంది. కాటాకు అవతల ఉన్నవాడి ఇంగ్లీషే పుస్తకంలో ఉంది.

మన వాళ్లు వ్యాపారం తెలియనివాళ్లు కాదు. పసుపు, పిప్పలి, రాజ్‌మా, చింతపండు, కరక్కాయ, అడ్డాకులు, తేనె మన చేతుల మీదుగానే మైదానానికి దిగుతున్నాయి. సంతలో షావుకారు కుంచంతో కొలిచి కొని, పట్నంలో కిలోల్లో అమ్ముకున్న చరిత్ర మన పెద్దలకు నోటికి వచ్చు. ఆ దోపిడీని తగ్గించడానికే 1956లో గిరిజన సహకార సంస్థను పెట్టారు. మన కాఫీకి ‘అరకు వ్యాలీ అరబికా’ పేరుతో 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కాఫీ ప్యాకెట్ల మీద ఇంగ్లీషు రాతలుంటాయి. పండు కోసిన ఇంటి పిల్ల ఆ రాత చదవలేదు. ఆమె ఇంగ్లీషు పుస్తకంలో ఉన్న కాఫీ మాత్రం హోటల్లో రవి తాగేది.

మాటల దగ్గరికి వద్దాం. అసలు నష్టం అక్కడే ఉంది. ఇంగ్లీషులో ఒక మాటకు రెండు మూడు అర్థాలుంటాయి. ప్యాసేజీ వాటిలో ఏదో ఒకటే నేర్పుతుంది.

‘ఇంట్రెస్ట్’ అనే మాట తీసుకోండి. మన పిల్లలందరికీ వచ్చు. ‘మై ఇంట్రెస్ట్ ఈజ్ క్రికెట్’ అని రాస్తారు. ఇష్టం అని అర్థం. బ్యాంకు కాగితంలో అదే మాటకు అర్థం వడ్డీ. సంఘం అప్పు కాగితం ఇంటికొచ్చినప్పుడు ఇంట్రెస్ట్ పక్కన అంకె చూసి మన అమ్మ ఇదేమిటని అడిగితే, పదో తరగతి కూతురు ఏం చెప్పాలి?

‘బ్యాలెన్స్’ అంటే ఒంటికాలి మీద పడిపోకుండా నిలబడటం అని ఆటల ప్యాసేజీలో వస్తుంది. పాసుపుస్తకంలో ఖాతాలో మిగిలిన డబ్బు, అప్పు కాగితంలో ఇంకా తీర్చాల్సిన బాకీ. ‘నెట్’ అంటే సెల్‌ఫోన్‌లో వచ్చేది. రసీదులో ‘నెట్ వెయిట్’ అంటే సంచి బరువు తీసేశాక మిగిలిన సరుకు బరువు. ‘క్లెయిమ్’ అంటే ప్యాసేజీలో ఎవరో గొప్పలు చెప్పుకోవడం. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఫారం ‘ఎ’ మీద ఉన్న క్లెయిమ్ అంటే ఈ భూమి నేను సాగు చేసుకుంటున్నాను, దీని మీద నాకు హక్కుందని చెప్పుకోవడం.

అన్నిటికంటే ‘టైటిల్’ మాట చూడండి. ప్యాసేజీ చివర ప్రశ్న తరచూ ఇలా ఉంటుంది: ‘గివ్ ఎ సూటబుల్ టైటిల్ టు ద ప్యాసేజ్.’ తగిన పేరు పెట్టమని. మన పిల్లలు ఆరో తరగతి నుంచీ వందసార్లు టైటిల్ పెట్టి ఉంటారు. అటవీ హక్కుల చట్టం కింద పోడు భూమికి ఇచ్చే పత్రాన్ని ఇంగ్లీషులో టైటిల్ అనే అంటారు. నాలుగు హెక్టార్లకు మించకుండా, సాగులో ఉన్న మేరకు, అమ్మకూడని, వారసులకు దక్కే హక్కు అది. తాత చేసిన పోడుకు తండ్రి చేతికొచ్చిన కాగితం అది. వందసార్లు టైటిల్ పెట్టిన పిల్లవాడు ఆ కాగితం తలమీద అదే మాట చూసి కథ పేరు అనుకుంటే అతన్ని నవ్వడానికి లేదు. ఆ మాటను అతనికి అలాగే నేర్పారు.

మాటలు కొరతై వదిలేశారా అంటే అదీ కాదు. పై ఐదు మాటలూ పుస్తకంలో ఉన్నవే. వాటిలో మన డబ్బు, మన భూమి వేలాడే అర్థం మాత్రం లేదు.

దీనికి తోడు మన పిల్లకు ఇంగ్లీషు రెండో భాష కూడా కాదు. ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా, కొండ, సవర, ఇంకోచోట కోయ, గోండి, కొలామీ. బడికొచ్చాక తెలుగు. ఆ పైన ఇంగ్లీషు. ఈ మధ్య సంవత్సరాల్లో పాఠ్యపుస్తకాలు ఎదురెదురు పేజీల్లో ఇంగ్లీషు, తెలుగు వేసి వస్తున్నాయి. తెలుగు ఇంటి పిల్లకు అది చేయూతే. కువి ఇంటి పిల్లకు ఆ పేజీ కూడా ఇంకో పాఠం. 2004లో మొదలైన బహుభాషా విద్యలో ఎనిమిది ఆదివాసీ భాషల్లో వాచకాలు తెచ్చారు. ఇంటి భాష నుంచి తెలుగుకూ, తెలుగు నుంచి ఇంగ్లీషుకూ మెట్లు కట్టాలన్న ఆ ఆలోచన ఇంగ్లీషు ప్యాసేజీ దాకా రానేలేదు.

మరి ప్యాసేజీల్లో ఆదివాసీలు అసలు లేరా? ఉన్నారు, అయితే ‘వాళ్లు’గా ఉన్నారు. ‘వాళ్లు అడవిలో ఉంటారు. వాళ్లు రంగురంగుల బట్టలు కడతారు. వాళ్లు థింసా ఆడతారు. వాళ్లు అమాయకులు.’ ఈ ప్యాసేజీని థింసా ఆడే ఊరి పిల్లే చదవాలి, చదివి ‘వాళ్లు ఏ నాట్యం చేస్తారు?’ అనే ప్రశ్నకు జవాబు రాయాలి. సొంత ఊరి గురించి పరాయిదానిలా రాయిస్తున్న ఈ ప్యాసేజీ మాకు సూపర్‌మార్కెట్ ప్యాసేజీ కంటే బాధ కలిగిస్తుంది. అక్కడ మనం లేము, అంతే. ఇక్కడ ఉండి కూడా మాట్లాడటానికి వీల్లేదు. కాబట్టి రవి పేరు తీసి మన పేరు పెట్టినంత మాత్రాన, బొమ్మలో కొండ గీసినంత మాత్రాన సరిపోదు. ‘నేను’ అనే చోట మన పిల్ల నిలబడాలి.

అలాంటి ప్యాసేజీ ఎలా ఉంటుందో ఒకటి మేమే అల్లి చూపిస్తాం. ధర లెక్క కోసం పెట్టిన అంకె. ‘మా నాన్న, నేను కాఫీ గింజలు అమ్మడానికి వెళ్లాం. సంచితో కలిపి బరువు 42 కిలోల 500 గ్రాములు. ఖాళీ సంచి 500 గ్రాములు. ధర కిలో 200 రూపాయలు. రసీదులో 40 కిలోలు, 8,000 రూపాయలు అని రాశారు. నేను రసీదు చదివాను. ప్లీజ్ వే ఇట్ ఎగైన్ అన్నాను.’

వాక్యాలు చిన్నవే. కొత్త మాటలు నాలుగైదు: గ్రాస్ వెయిట్, నెట్ వెయిట్, రేటు, రసీదు, మళ్లీ తూచడం. ప్రశ్నలు మాత్రం ఎత్తిరాతకు లొంగవు. నెట్ వెయిట్ ఎంత? రావలసిన డబ్బు ఎంత? తేడా ఎంత? 42 కిలోలకు 8,400 రావాలి, 400 తగ్గింది అని తేల్చాలంటే ప్యాసేజీ అర్థం కావాల్సిందే. ముందు ఇంటి భాషలో మాట్లాడుకుని, తెలుగులో లెక్క వేసి, ఇంగ్లీషులో జవాబు రాయవచ్చు. చివర్లో టైటిల్ కూడా పెట్టమనవచ్చు. ఆ రోజే టైటిల్ మాటకున్న రెండో అర్థమూ చెప్పవచ్చు.

దీనికి ఒక అభ్యంతరం వస్తుంది, అది గట్టిదే. ‘మన పిల్లలు రేపు విశాఖపట్నం, హైదరాబాదు పోతారు. అక్కడ ఇంటర్వ్యూలో కాఫీ తూకం అడగరు. సూపర్‌మార్కెట్, ఈమెయిలు, మీటింగు కూడా రావాలి కదా? సంతనే నేర్పితే సంతలోనే ఉంచినట్టు కాదా?’ అని మన యువకులే అడుగుతారు. నిజమే, అవీ రావాలి. రవి ప్యాసేజీని తీసేయమని మేము అనడం లేదు. పట్నం పోయిన మన తమ్ముళ్లలో చాలామంది అక్కడ కూడా మొదట కొనేవాళ్లుగా నిలబడటం లేదు. గోదాములో, హోటలు వంటింట్లో, సెక్యూరిటీ కుర్చీలో మొదలుపెడుతున్నారు. వాళ్ల చేతికి ముందుగా వచ్చే ఇంగ్లీషు కాగితం ఉద్యోగ ఒప్పందం, జీతం చీటీ. అందులో ‘డిడక్షన్’ అంటే కోత అని, ‘నోటీస్ పీరియడ్’ అంటే మానేసే ముందు పని చేయాల్సిన రోజులని చెప్పిన ప్యాసేజీ ఏది? రసీదు చదివి ‘మళ్లీ తూచండి’ అనగలిగిన పిల్ల జీతం చీటీ చదివి ‘ఈ కోత ఎందుకు?’ అనీ అడగగలదు. అది సంతలో ఉంచడం ఎలా అవుతుంది?

సిలబస్ మార్చడం మన చేతుల్లో లేదని ఉపాధ్యాయ మిత్రులు అంటారు. సిలబస్‌ను ముట్టుకోకుండానే చేయగల పని ఉంది. పిల్లల ఇళ్లకు వచ్చే ఇంగ్లీషు కాగితాల్ని గమనించండి. మందుల అట్ట, ఎరువు బస్తా, కరెంటు బిల్లు, బ్యాంకు మెసేజీ. ఖాతా నంబర్లు, పేర్లు తీసేసి వాటిలోంచి వారానికి ఒక ప్యాసేజీ, పది వాక్యాలు, నల్లబల్ల మీద రాయవచ్చు. పుస్తకంలో ‘ఇంట్రెస్ట్’ వచ్చిన రోజున వడ్డీ అర్థమూ పక్కన రాయడానికి రెండు నిమిషాలు చాలు.

పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి సవర పిల్లలకు చదువు చెప్పాలనుకున్నప్పుడు ముందు తానే సవర నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు తయారు చేశారు, 1931లో సవర భాషకు వ్యాకరణం అచ్చు వేయించారు. ఆయన సవర కాదు, ఆ భాష ఆయన ఇంట్లోది కాదు. మనకు ఆ భాషలు పుట్టుకతో వచ్చాయి, సంత తెలుసు, తూకం తెలుసు, ఇంగ్లీషు కూడా కొంత వచ్చింది. మన పిల్లల ప్యాసేజీలు రాయడానికి ఇంతకంటే అర్హత ఉన్నవాళ్లు ఎక్కడి నుంచో రారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు కవితలు, కథలు రాస్తున్నారు, సంతోషం. వాటితో పాటు పది వాక్యాల ప్యాసేజీలు కూడా రాయండి. ఒక్కో మండలం నుంచి ఇరవై వచ్చినా ఒక పుస్తకం అవుతుంది. దాన్ని చదివిన పిల్లకు టైటిల్ అంటే కథ పేరనీ తెలుస్తుంది, తన భూమి కాగితమనీ తెలుస్తుంది.