రెట్టింపు కన్నా ఇరవై తక్కువ

చర్ల, దుమ్ముగూడెం వైపు నుంచి ఐసెట్ ప్రవేశ పరీక్షకు కూర్చునే పిల్లల్లో పదో తరగతితోనే లెక్కలు వదిలేసినవాళ్లు చాలామంది. బీఏ, బీకాం చదివి, ఎంబీఏ కోసం మళ్లీ ఎక్స్ ముందుకు వస్తారు. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. ప్రశ్నకు 45 సెకన్లు. అందులో 75 ప్రశ్నలు గణితానివే. ఆ తొందరకు భయపడి షార్ట్‌కట్లు బట్టీ పడతారు. నాకు వాటి మీద నమ్మకం లేదు. సమీకరణాన్ని సాధించడం పది సెకన్ల పని. కాలమంతా తినేది దాన్ని రాయడమే.

అందుకే నేను పాఠాన్ని తునికాకు కల్లం నుంచి మొదలుపెడతాను. యాభై ఆకులకో కట్ట అని ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. తల్లీకూతుళ్లు కలిసి 160 కట్టలు కట్టారు. తల్లివి కూతురి కట్టల రెట్టింపు కన్నా 20 తక్కువ. ఎవరికెన్ని? చాలామంది తల్లిని ఎక్స్ అనుకుని భిన్నాల్లో చిక్కుకుంటారు. ఎవరితో పోల్చి చెప్పారో వాళ్లే ఎక్స్ కావాలి. కూతురు ఎక్స్ అయితే తల్లి 2ఎక్స్ − 20. మొత్తం 3ఎక్స్ − 20 = 160. కూతురివి 60, తల్లివి 100. జవాబును మళ్లీ ప్రశ్నలో పెట్టి చూడమంటాను: 120లో 20 పోతే 100, సరిపోయింది. ఈ సరిచూపు అలవాటైనవాళ్లకు ధైర్యం దానంతటదే వస్తుంది.

ఇంకో గుంట ఉంది. ఎక్స్ వర్గం = 4ఎక్స్ అనగానే రెండు వైపులా ఎక్స్‌ను కొట్టేసి 4 అంటారు. సున్నా కూడా జవాబే, అది కొట్టివేతలో పోయింది. అమెరికా చదువులకు రాసే జీఆర్ఈలోనూ ఇలాంటి చోటే మార్కులు జారిపోతాయి. అసమానతను రుణసంఖ్యతో గుణించి గుర్తు తిప్పకపోవడం దీని తోబుట్టువే.

ఇక్కడి పిల్లలకు బీజగణితం రాదంటే నేను ఒప్పుకోను. భద్రాచలం వంతెన దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 53కి మూడోది. గంటకు అర అడుగు చొప్పున పెరిగితే మొదటిదాని నుంచి మూడోదానికి ఇంకెంతసేపు? సామాన్లు సర్దుకునే ఇంట్లో ఇరవై గంటలని నోటితోనే చెబుతారు. దాన్నే 43 + ఎక్స్/2 = 53 అని రాయించడం మా పని. తాలిపేరు ప్రాజెక్టు గేట్లెత్తాక వేగం గంటకు అడుగైతే పదే గంటలు. సమీకరణంలో మారింది ఎక్స్ గుణకం ఒక్కటే.