తిరుగు రైలు నుంచి మొదలయ్యే లెక్క

విశాఖపట్నం నుంచి ఒక్క రోజులో వెళ్లి రాగలిగిన అడవి జలపాతాలలో అనంతగిరి మండలంలోని కటికి జలపాతానిది ప్రత్యేకమైన స్థానం. బొర్రా గుహలకు సమీపంలో, గోస్తనీ నది నీటితో దూకే ఈ జలపాతాన్ని చేరడానికి రైలో ఘాటు రోడ్డో ఒకటి ఎక్కాలి, ఆపైన జీపు బాట పట్టాలి, చివరికి కాలినడకనే దిగాలి. వీటిలో ఏ ఒక్క దశలో ఆలస్యమైనా మిగిలిన రోజంతా దాని వెంట జరిగిపోతుంది. ఇటువంటి దానిని మధ్యస్థ స్థాయి నడకగా లెక్కిస్తారు. తాళ్లూ పర్వతారోహణ శిక్షణా అక్కరలేకుండా, రోజూ కాస్త నడిచే అలవాటున్న మనిషి ఎత్తుపల్లాలు దాటుకుంటూ పగటి వెలుగు ఉండగానే ముగించగలిగిన నడక అని దాని అర్థం. దూరాన్ని అందరూ అడిగి తెలుసుకుంటారు, వెలుతురు ఎంతసేపు ఉంటుందో అడిగేవారు తక్కువ. అందుచేత ఈ ప్రయాణానికి ప్రణాళికను ఇంటి గుమ్మం నుంచి కాక, తిరిగి రావలసిన వేళ నుంచి వెనక్కి లెక్కించుకుంటూ వేయడమే సరైన పద్ధతి.

నగరవాసిని అక్కడికి చేర్చే రైలు మార్గం విహారం కోసం పుట్టినది కాదు. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని జపానుకు ఎగుమతి చేయడానికి 1960లో అక్కడి ఉక్కు సంస్థలతో కుదిరిన ఒప్పందం ఫలితంగా కొత్తవలస–కిరండోల్ మార్గాన్ని తూర్పు కనుమలను తొలిచి, యాభైకి పైగా సొరంగాలతో నిర్మించారు. ఆ ఖనిజమే విశాఖ రేవును పెంచింది, తరువాతి కాలంలో ఉక్కు కర్మాగారపు కొలుములకూ చేరింది. ఈ పుట్టుక చరిత్రకే పరిమితం కాదు, నేటి ప్రయాణికుడి రోజును కూడా అదే శాసిస్తుంది. ఉదయం ఏడు గంటల ప్రాంతంలో విశాఖలో బయలుదేరే కిరండోల్ పాసింజరు ఘాటు భాగంలో ఎదురువచ్చే గూడ్సుకు దారి ఇస్తూ ఆగవచ్చు, సాయంత్రం తిరిగివచ్చే రైలు కూడా అంతే, కనుక రైలు వేళలను ముందు రోజు సరిచూసుకోవడంతో పాటు, అది రాకపోతే అరకు నుంచి శృంగవరపుకోట మీదుగా దిగే బస్సు ఎక్కడ దొరుకుతుందో కూడా తెలుసుకుని ఉండాలి. బొర్రా స్టేషను నుంచి పట్టాల వెంబడి నడిచి దారి తగ్గించుకోవచ్చని కొందరు చెబుతారు. సొరంగాలలో తప్పుకునే చోటు సరిపడా లేని ఆ మార్గంలో అది ప్రాణాంతకమే కాక రైల్వే చట్టం ప్రకారం నేరం కూడా, దానిని ప్రణాళికలో ఒక దారిగా పరిగణించనే కూడదు.

నడకకు పట్టే కాలాన్ని అంచనా వేయడానికి స్కాట్లాండుకు చెందిన పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం నేటికీ ఉపయోగపడుతుంది: సుమారు ఐదు కిలోమీటర్లకు ఒక గంట, దానికి తోడు ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరొక గంట. ఈ లెక్కన ఆరు కిలోమీటర్ల దూరం, 300 మీటర్ల ఎక్కుడు ఉన్న బాటకు గంటా 42 నిమిషాలు చాలాలి. అయితే అది చల్లని దేశంలో, గట్టి కాళ్లున్నవారికి, విశ్రాంతి కలపకుండా వేసిన లెక్క. చెమట ఆరని గాలిలో, వానకు మెత్తబడిన నేలపై, పిల్లలతోనూ పెద్దలతోనూ నడిచే విశాఖ కుటుంబానికి దానిని ఒకటిన్నర రెట్లు చేసుకోవడం న్యాయం, అంటే రెండున్నర గంటలు. దిగుడులో ఈ కాలం తగ్గుతుందనుకోవడం పొరపాటు, ఎందుకంటే అలసిన మోకాళ్లకు జారుడు నేల మీద దిగడమే కష్టం.

ఇప్పుడు వెనక్కి లెక్కించాలి. నవంబరు చివరి వారంలో విశాఖ ప్రాంతంలో సూర్యాస్తమయం సాయంత్రం 5.20 ప్రాంతంలో ఉంటుంది, లోయలో కొండ నీడ అంతకంటే చాలా ముందే కమ్ముతుంది. కాబట్టి నాలుగు గంటలకు రోడ్డు మీదికి చేరాలి, అందుకు ఒకటిన్నరకే జలపాతాన్ని విడవాలి. పది గంటలకు రైలు దిగి, పదిన్నరకు నడక మొదలుపెట్టినవారు ఒంటిగంటకు గానీ నీటి దగ్గరకు చేరరు. అంటే రోజంతా శ్రమించి వచ్చినవారికి అక్కడ దక్కేది అరగంట మాత్రమే. కటికికి బొర్రా నుంచి దారిని బట్టి నాలుగు మొదలు ఏడు కిలోమీటర్ల వరకు చెబుతారు కనుక, పోయేటప్పుడు స్థానికుల జీపులో సగం దూరం వెళ్లి మిగిలినది నడవడాన్ని చిన్నతనంగా భావించనవసరం లేదు, అది వెలుతురును కొనుక్కోవడం. రాత్రి షిఫ్టు దిగి నిద్ర లేకుండా ఉదయపు రైలెక్కే అలవాటు మాత్రం ఈ పారిశ్రామిక నగరంలో మానుకోదగినది, ఎందుకంటే అటువంటివారి కాళ్లు మధ్యాహ్నం దిగుడులోనే తడబడతాయి.

అన్నిటికంటే శ్రద్ధగా ఆలోచించవలసినది నీటి సంగతి. జలపాతం నిండుగా కనిపించే జూలై నుంచి సెప్టెంబరు వరకే అది అత్యంత ప్రమాదకరమైనది కూడా. ఉత్తరాంధ్రలో గెడ్డ అని పిలిచే కొండవాగు తన మీద కురిసిన వానకు మాత్రమే పొంగదు. పైనున్న పరీవాహక ప్రాంతం, అంటే వాన నీరంతా ఒకే వాగులోకి దిగివచ్చే కొండవాలుల మొత్తం, ఎక్కడ తడిసినా పొంగుతుంది. వారం రోజుల వానకు నేల నానిపోయి ఉంటే, తరువాత పడిన చిన్న జల్లు కూడా ఇంకక నేరుగా గెడ్డలోకి చేరుతుంది. ఆర్కే బీచిలో ఆకాశం నిర్మలంగా ఉన్నదన్న సంగతి అనంతగిరి గురించి ఏమీ చెప్పదు, అందువల్ల చూడవలసినది నగర వాతావరణం కాదు, గడచిన రెండు మూడు రోజులలో అనంతగిరి, అరకు ప్రాంతాలలో కురిసిన వాన. అక్టోబరు నడకకు అనువైన మాసమే గానీ బంగాళాఖాతంలో తుపానుల కాలం కూడా అదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ తీరాన్ని దాటిన తీరును విశాఖవాసులకు గుర్తు చేయనక్కరలేదు. తీరంలో అల్పపీడనం హెచ్చరిక ఉన్న రోజు టిక్కెట్ల డబ్బు పోయినా సరే ప్రయాణం వాయిదా వేయవలసిందే.

జలపాతం దగ్గర నీరు ఉన్నట్టుండి ఎర్రబారడం, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం, హోరు పెరగడం వరదకు సూచనలు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా సామానుల కోసం ఆగకుండా గట్టు ఎక్కాలి, గెడ్డకు ఆవల చిక్కినవారు దాటబోకుండా నీరు తగ్గేవరకు ఎత్తైన చోట వేచి ఉండాలి. తూర్పు కనుమలలో విరివిగా కనిపించే ఖోండలైటు రాయి, కోందు ప్రజల పేరు మీదుగా భూగర్భశాస్త్రజ్ఞులు పేరు పెట్టిన శిల, గాలికీ వానకూ తేలికగా శిథిలమై పెళ్లలుగా ఊడుతుంది. తడిసి నాచు పట్టిన బండ మీద, అది ఏ రాయైనా, మంచి పట్టున్న బూటు కూడా నిలవదు. లోతు తెలియని మడుగులో పైనుంచి దూకడమనే సరదాను పెద్దలు మొహమాటం లేకుండా ఆపాలి.

ఈ అడవి షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే ఆదివాసుల భూమికి రాజ్యాంగం ప్రత్యేక రక్షణ కల్పించిన ప్రాంతం. గిరిజనేతర ప్రైవేటు సంస్థలకు ఇటువంటి ప్రాంతాల ప్రభుత్వ భూములను గనులకు లీజుకివ్వరాదని 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పుకు మూలమైన వివాదం ఈ అనంతగిరి మండలంలోనే, బొర్రా పరిసర గ్రామాలలోనే పుట్టింది. అంతటి పోరాటంతో తమ నేలను నిలుపుకున్న ఊళ్ల మధ్యగా నడిచేవారు స్థానిక యువకుడొకరిని దారి చూపడానికి కుదుర్చుకుని, బేరమాడకుండా తగిన కూలి ఇవ్వడం సముచితం. గెడ్డ ఎక్కడ దాటవచ్చో, వానకు ఏ బాట తెగిందో అతనికి తెలిసినంతగా ఏ ఫోను పటమూ చెప్పలేదు. నవంబరు నుంచి పండే కాఫీ తోటల గుండా పోయేటప్పుడు గింజలు తుంచడం, ఇళ్ల ముందరి మనుషులను అడగకుండా ఫొటోలు తీయడం వంటివి చిన్న తప్పులు కావు.

సంచి విషయంలో చెప్పవలసినది కొద్దే. గంటకు అర లీటరు చొప్పున నీరు, పులిహోర వంటి చెడని అన్నం, టార్చి, పొడి బట్టల జత, దోమల నుంచి కాపాడే నిండు చేతుల చొక్కా ఉండాలి. సిగ్నలు అందని చోట్లు ఎక్కువ కనుక తిరిగి చేరే వేళను ఇంట్లో చెప్పి ఉంచాలి, ఆ తరువాతి వారాలలో ఎప్పుడు జ్వరం వచ్చినా ఏజెన్సీకి, అంటే ఈ గిరిజన ప్రాంతానికి, వెళ్లివచ్చిన సంగతిని వైద్యుడికి తప్పక చెప్పాలి, ఎందుకంటే అక్కడ మలేరియా నేటికీ ఉన్నది.

జలపాతం కింద సబ్బుతో స్నానాలు చేసేవారికీ, ప్లాస్టిక్ పళ్లాలు వదిలివచ్చేవారికీ ఒక సంగతి తెలిసి ఉండాలి. గోస్తనీ ఈ కొండలు దిగి విజయనగరం జిల్లాలోని తాటిపూడి జలాశయాన్ని నింపి, ఆపైన భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. ఆ జలాశయం విశాఖ నగరానికి తాగునీరు అందించే ఆధారాలలో ఒకటి.