ఒంటికాలి నిలకడ

బడిలో యోగా చేయిస్తే పిల్లలకు జ్ఞాపకశక్తి పెరుగుతుందని ఏటా జూన్ 21న యోగా దినోత్సవ వేదికల మీద వినిపించే మాటలో నిజమెంతో తేల్చాలంటే, పరిశోధకులు కొలిచినది దేనినో ముందు చూడాలి. 2001లో మంజునాథ్, షెర్లీ టెల్లెస్ ప్రచురించిన అధ్యయనంలో ఒక వసతి పాఠశాలకు చెందిన 10–13 ఏళ్ల బాలికలు 20 మందిని రెండు జట్లు చేసి, నెల రోజుల పాటు రోజుకు 75 నిమిషాల చొప్పున ఒక జట్టు చేత యోగా, మరో జట్టు చేత వ్యాయామం చేయించారు. వారికి పెట్టినది ‘టవర్ ఆఫ్ లండన్’ పరీక్ష, అంటే పుల్లలకు గుచ్చిన రంగుల పూసలను ఒక్కొక్కటిగా మారుస్తూ, చూపిన అమరికను వీలైనంత తక్కువ మార్పులతో సాధించడం. ఇది జ్ఞాపకానికి కాక ముందుచూపుకు పరీక్ష. యోగా జట్టుకు ఆలోచించుకునే సమయం తగ్గగా, వ్యాయామం జట్టులో మార్పు కనబడలేదు. అయితే 20 మందిని చూసి దేశానికంతటికీ తీర్పు చెప్పడం తొందరపాటే.

2013లో టెల్లెస్ బృందమే 8–13 ఏళ్ల పిల్లలు 98 మందిపై మూడు నెలలు జరిపిన అధ్యయనంలో స్ట్రూప్ పరీక్షను వాడింది. నీలం సిరాతో ‘ఎరుపు’ అని రాసి ఉంటే, చదివేయబోయే నాలుకను పట్టి ఉంచి ‘నీలం’ అనగలగడమే ఇందులోని కష్టం. ఈసారి యోగా చేసినవారూ, వ్యాయామం చేసినవారూ మెరుగుపడ్డారు. యోగాభిమానులకు ఇది రుచించకపోవచ్చు గాని, పిల్లలను బెంచీల మీది నుంచి లేపడమే సగం మేలు చేస్తుందన్న సంగతిని ఇది సూచిస్తుంది.

తక్కిన సగం ఎక్కడుందో వృక్షాసనంలో వెతకవచ్చు. ఒక పాదాన్ని రెండో తొడకు ఆనించి నిలిచిన పిల్లవాడి చీలమండ సన్నగా వణుకుతుంది. చూపు ఎదురుగోడ మీది మరకపై నిలిచినంతసేపూ ఆ వణుకు అదుపులో ఉంటుంది, చూపు పక్కకు జారగానే కాలు నేలకు దిగుతుంది. పతంజలి రెండో సూత్రం యోగాన్ని చిత్తవృత్తి నిరోధంగా, అంటే మనసులోని కదలికలను నిలపడంగా నిర్వచించింది. ఆ నిరోధమూ, స్ట్రూప్ పరీక్ష కొలిచే నిగ్రహమూ ఒకటేననడం సాహసమే అయినా, ఈ వణుకు దగ్గర రెంటికీ ఏదో చుట్టరికం ఉన్నట్టు తోస్తుంది. వందల మందిని ఎండలో నిలబెట్టి ఈల మీద ఆసనాలు మార్పించే చోట మాత్రం, ఇప్పుడు ఏ కాలు ఎత్తాలో తెలియక పిల్లలు పక్కవాడి కాళ్ల వైపే చూస్తుంటారు.